ముత్యాల గల్లీలో బస్రా రేవు

చార్మినార్ పక్కన ముత్యాల గల్లీకి ప్రతి బుధారం మూడు గంటలకు సముద్రం వస్తది. ఒకప్పుడు ఈ దుకాణాలకు ముత్యాలు పంపిన ఇరాక్ దేశపు బస్రా రేవు నీళ్లవి. చీలమండల దాకా వచ్చి, ఓ గంట ఉండి పోతయి. దుకాణపోళ్లు పైజామాలు మడుచుకుంటరు. ఆటోలోళ్లు హారన్ కొట్టుకుంట నీళ్లల్లనే పోతరు. సముద్రమొచ్చిందని బేరం ఆపుతరా ఎవరన్నా!

లలితమ్మ ముప్పై ఏండ్ల సంది అక్షయ్ సేటు దుకాణంల ముత్యాలేరి దండలు గుచ్చుతది. వచ్చినోళ్లను ఆ గంటసేపు రేవంత తిప్పి చూపించేది గూడ ఆమెనే. ఈమధ్యనే పాపం కండ్లు మసకబారినయి. పోయిన వారం తెల్ల ముత్యాలల్ల గులాబీ రంగువి కలిపితే సేటు మొహం మాడ్చుకున్నడు.

"ఇంకొక్కసారి గిట్లయితే ఇంటికాడనే కూసో లలితమ్మా" అన్నడు. మొగుడు పోయినామె ఇంట్ల కూసుంటే పొయ్యి ఎట్ల వెలుగుతది?

ఈ బుధారం రశ్మి అనే పిల్ల తన నానమ్మది బస్రా ముత్యాల దండ తెచ్చింది, కొత్త దారానికి గుచ్చియ్యాలని. లలితమ్మ పాత దారం తెంపి ముత్యాలు గిన్నెల పోసింది. పోసినంక చెయ్యి పెట్టి చూస్తే లెక్క ఎక్కువున్నది. ఆ గిన్నెల అప్పటికే చెరువుల పెంచిన అగ్గువ ముత్యాలున్నయి! రెండూ ఒకటే సైజు. నకిలీవైతే పంటికి నున్నగ తగిలేటివి, ఇవి రాసి చూసినా రెండూ గరుకే.

"ఏమైంది ఆంటీ?"

"ఏం లేదు బిడ్డా. నడువు, రేవు చూపిస్త" అని అన్నీ కొంగుల మూటగట్టుకొని నీళ్లల్లకు దిగింది. సేటు మొహం చూసే ధైర్యం లేదు మరి.

"గీ పాన్ డబ్బా కాడ పడవలు కట్టేటోళ్లు. గా గాజుల దుకాణం కాడ తూకం వేసేటోళ్లు. నీ కాలికి తగుల్తుంది చూడు, గది రేవు మెట్టు. ముత్యాల కోసం సముద్రంల మునిగొచ్చినోళ్లు దానిమీదనే కూసొని చెవులల్ల నీళ్లు దులుపుకునేది."

రశ్మి కాలి వేళ్లతోని మెట్టును తడిమింది. అరిగి నున్నగున్నది. అప్పుడే నీళ్లు వెనక్కి మళ్లినయి.

లలితమ్మకు ఇగ ఆగలే. మెట్టుమీద కూలబడి ఏడ్చింది. "నీ నానమ్మ ముత్యాలు చెరువు వాటిల కలిపేసిన బిడ్డా. నాకు కనవడుతలేదు."

మూట వదులైంది. కొంగు నీళ్లకు తగిలింది. సముద్రంల పుట్టినయన్నీ ఒక్కొక్కటే కదిలి, పోయే నీళ్ల దిక్కు దొర్లినయి. చెరువుల పుట్టినయి ఉన్నకాడనే ఉన్నయి.

"పట్టు బిడ్డా, ఇంటికి పోతున్నయి!"

ఇద్దరూ నవ్వుకుంట, ఉరుక్కుంట దోసిళ్లతో పట్టిన్రు. ఒక్కటి గూడ పోలే. తడి చీరతోనే లలితమ్మ అక్కడ్నే కూసొని తడిమి తడిమి దండ గుచ్చింది.

వెనక తడి నేలమీద అక్షయ్ సేటు నిలబడున్నడు. ఎప్పుడొచ్చిండో ఏమో, అంతా చూసిండు. దుకాణంలకు పోయి, సముద్రంవి చెరువువి కలిసిపోయిన ముత్యాలతోని తుప్పు పట్టిన డబ్బా ఒకటి తెచ్చిండు.

"మా తాత పోయినకాడి నుంచి వీటిని ఎవ్వరూ ఏరలే" అని డబ్బా ఆమె ఒడిల పెట్టిండు. "వచ్చే బుధారం వీటిని గూడ నీళ్లల్ల జర నడిపించుకరా అమ్మా."