మూడో ప్రకటన

మా బెల్లంపల్లి మెథడిస్టు చర్చిలో నేను హార్మోనియం వాయిస్తాను. హార్మోనియం గోడవారగా, సంఘానికి ఎదురుగా ఉంటుంది. నేను ప్రసంగం వింటున్నానో లేదో ఎవరికీ తెలియదు గానీ, ఎవరు వింటున్నారో ఎవరు కునికిపాట్లు పడుతున్నారో నాకు మాత్రం తెలుస్తుంది. ఏళ్ల తరబడి అవే మొహాలు చూసీ చూసీ నాకు మనుషుల మీద కోపం తగ్గింది. నమ్మకం కూడా కొంత తగ్గింది.

మాలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ఆరాధనలో ప్రకటన చదువుతారు. ఫలానా వారి కుమారుడు, ఫలానా వారి కుమార్తె, ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి అని పాస్టరుగారు అడుగుతారు. అడిగి, ఊపిరి పీల్చుకునేంత సేపు ఆగుతారు. ఎవరూ చెప్పరు. చెప్పాలనుకున్నవాళ్లు బయట టీకొట్టు దగ్గర చెప్పుకుంటారు. నాకు గుర్తున్నంతలో ఒక్కసారే మందమర్రి నుంచి ఒకావిడ చంకలో పిల్లనేసుకుని వచ్చి, పెళ్లికొడుకు తన మొగుడేనని చెప్పింది. అది న్యాయమైన అభ్యంతరం.

క్యాథరిన్, బెన్నీల రెండో ప్రకటన నాడు లేచింది అలాంటి అభ్యంతరం కాదు.

క్యాథరిన్ బడిలో సైన్సు చెబుతుంది. ఆదివారం పొద్దున ఆరాధనకు ముందు చర్చి వరండాలో చాప పరిచి సండేస్కూలు నడుపుతుంది. తండ్రి లేడు, తల్లి లిడియా ఉంది. బెన్నీ ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ లారీ నడుపుతాడు. నవ్వు మొహం. ఎవరింట్లో తగాదా అయినా మధ్యలో దూరి ఇట్టే సర్దేస్తాడని పేరు. ఇద్దరూ ఇష్టపడి పెద్దల్ని ఒప్పించుకున్నారు. మొదటి ప్రకటన చదివినప్పుడు క్యాథరిన్ మొహం చూశాను. సంతోషం దాచుకోవడం చేతకాక, తల వంచుకుని కొంగు అంచు నలుపుతూ కూర్చుంది. ఆ పెళ్లి ఆమెకు ఎంత కావాలో చర్చి గోడకు కూడా అర్థమయ్యేది.

అప్పటికి వారం రోజులుగా టీవీలో ఎక్కడో దూరపు గ్రహం గాలిలో ప్రాణం ఆనవాలు దొరికి ఉండవచ్చని ఒకరు, దొరకలేదని ఒకరు అరుచుకుంటున్నారు. ఆ ఆదివారం పొద్దునే సండేస్కూల్లో, గని క్వార్టర్లలో ఉండే దేవవ్వ మనుమరాలు ఆ సంగతి ఎత్తింది.

"టీచర్, గక్కడ మనుషులుంటే యేసయ్య వాళ్ల కోసం సుత సచ్చిపోయిండా?"

"నాకు తెల్వది బిడ్డా," అన్నది క్యాథరిన్. "ఉన్నరో లేరో సుత ఎవ్వలకు తెల్వది. ఉంటె మాత్రం, వాళ్లను చేసింది సుత ఆ దేవుడే."

మాట అంతే. కానీ మనుమరాలు చెప్పింది దేవవ్వ విన్నది, దేవవ్వ చెప్పింది క్వార్టర్ల లైనంతా విన్నది. గోరంత కొండంతయింది. మూడు ఇళ్లు దాటేసరికి, ఒక్కో చుక్కకు ఒక్కో యేసయ్య ఉన్నాడని క్యాథరిన్ టీచర్ చెబుతోందని తేలింది.

రెండో ఆదివారం పాస్టరుగారు ప్రకటన చదివి, అలవాటుగా ఆగారు. పాట ఎత్తుకోవడానికి నేను హార్మోనియం మెట్ల మీద వేళ్లు పెట్టాను. అప్పుడు ఎబినేజర్ లేచాడు. ఆయన బెన్నీకి సొంత పెద్దబాపు, తండ్రికి అన్న. గనిలో సర్దారుగా చేసి దిగిపోయిన మనిషి. కూలీల కంటే ముందు తాను లోపలికి పోయి, కట్టెతో పైకప్పు తట్టి, చప్పుడు విని, ఆ తర్వాతే మనుషులను రానిచ్చేవాడు. ఉద్యోగం పోయినా ఆ అలవాటు పోలేదు. పాస్టరు కొత్తవాడైతే ఆయన ప్రసంగాన్ని కూడా ముందు తట్టి చూస్తాడు.

"నాకున్నది అభ్యంతరం," అన్నాడు. "పిల్ల మీద నాకు కోపం లేదు. వేరే లోకాలున్నయని పిల్లలకు చెప్పిందట. ముందుగాల గది తేలాలె."

చర్చి మొత్తం క్యాథరిన్ వైపు తిరిగింది. పాస్టరుగారికి సెమినరీలో దీనికి మందు నేర్పినట్టు లేదు. కమిటీలో మాట్లాడుకుందామని చెప్పి, నా వైపు చూసి పాట అందుకోమని సైగ చేశారు.

గురువారం సాయంత్రం కమిటీ కూర్చుంది. పాతవాణ్ణని నన్నూ కమిటీలో వేశారు. చర్చి పక్క గదిలో పాస్టరుగారు, ఎబినేజర్, నేను, ఇంకో ఇద్దరు పెద్దలు. ఎదురుగా క్యాథరిన్, లిడియా, బెన్నీ. చర్చి రేకులు కారుతున్నాయని ఏడాదిగా మొత్తుకుంటున్నా తీరిక దొరకని కమిటీ, ఆకాశంలో ఎవరున్నారో తేల్చడానికి మాత్రం టైముకు వచ్చింది.

"అమ్మా క్యాథరిన్, నీవు ఏమి బోధించితివి?" అని పాస్టరుగారు గ్రంథం భాషలో అడిగారు. ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పెద్దలిద్దరూ తలలూపారు. వాళ్లకు అర్థమైందని కాదు, టీ చల్లారుతోందని.

ఎబినేజర్ కుర్చీ ముందుకు జరిపాడు.

"ఒక్కటి అడుగుత బిడ్డా. నా బిడ్డ దెబోరా పోయినప్పుడు ఏడో తరగతి. పచ్చకామెర్లు. బొంద కాడ అప్పటి అయ్యగారు చెప్పిండు, పైన కలుస్తవు ఎబినేజరూ అని. పైన ఒక్కటే లోకం గదా అని నేను నిమ్మళంగ ఉన్న. గిప్పుడు టీవీల లచ్చల లోకాలంటుండ్రు. చదువుకున్నదానివి, నువ్వు సుత ఉంటె ఉండచ్చంటున్నవు. గంత ఆకాశంల నా పోరి ఏడున్నట్టు? నేనేడ దేవులాడాలె?"

ఇన్నేళ్లుగా ఎబినేజర్‌ను మొండివాడనుకున్నాను. దెబోరా పేరు ఆయన నోట విని ఎన్నాళ్లయిందో. క్యాథరిన్ కళ్లు ఆయన మీదే ఉన్నాయి. ఏదో చెప్పబోయింది.

"అయ్యో పెద్దబాపు!" అని బెన్నీ నవ్వాడు. "పిల్లలను నవ్వియ్యనీకి అన్నది గది. గివన్ని ఆమె నమ్ముతదా ఏంది? లోకాలు లేవు, ఏం లేవు. నువ్వేం ఫికర్ చెయ్యకు."

"నవ్వియ్యనీకి అనలే," అన్నది క్యాథరిన్.

"జర ఆగు క్యాథీ," అని బెన్నీ ఆమె చేతి మీద తట్టాడు.

"ఒక్క మాటనే గద బిడ్డా," అన్నది లిడియా మెల్లగా. "లేవని అను. పెండ్లయినంక ఉంటె ఉండనియ్యి."

అందరూ హాయిగా నవ్వారు. గదిలో గాలి తిరిగినట్టయింది. నవ్వనివాళ్లు ఇద్దరే, అడిగిన ఎబినేజర్, జవాబు నోట్లోనే మిగిలిపోయిన క్యాథరిన్. కాసేపటికి ఆమె లేచి తల్లితో వెళ్లిపోయింది. నేను గదికి తాళం వేస్తుంటే వాకిట్లో బెన్నీ పాస్టరుగారితో అంటున్నాడు.

"ఆమెతోటి ఎందుకు అయ్యగారూ, ఆదివారం మీరే చెప్పుండ్రి. తప్పయిందన్నదని. నేను మాట్లాడుకుంట ఆమెతోటి."

మాట్లాడి ఉంటాడనే అనుకున్నాను. సర్దేవాడని పేరు కదా.

మూడో ఆదివారం చర్చి నిండింది. క్రిస్మస్‌కు తప్ప మొహం చూపించనివాళ్లు కూడా వచ్చారు. ప్రకటన కంటే ముందు పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు.

"మన సహోదరి క్యాథరిన్, అన్యలోకములను గూర్చి తాను పలికినది పొరపాటని ఒప్పుకొని, పిల్లలకు ఇకమీదట అట్టివి బోధించనని మాట ఇచ్చియున్నది."

క్యాథరిన్ తల ఎత్తింది. ఆ మాట ఆమె అప్పుడే మొదటిసారి వింటోందని ఆ మొహమే చెప్పింది. ముందు చాప మీద పిల్లలున్నారు. దేవవ్వ మనుమరాలు వెనక్కి తిరిగి టీచర్‌ను చూసింది. నిజమేనా అని చూసింది, అంతే. క్యాథరిన్ మగవాళ్ల వైపు బెన్నీని చూసింది. అతను, ఏం కాదులే అన్నట్టు అరచెయ్యి కిందికి ఆడించాడు.

పాస్టరుగారు ప్రకటన చదివారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి అన్నారు. అందరూ ఎబినేజర్‌ను చూశారు. ఆయన కదల్లేదు.

"నాకున్నది," అన్నది క్యాథరిన్.

లేచి నిలబడింది. లిడియా ఆమె కొంగు పట్టి లాగింది.

"నేను తప్పయిందని అనలే అయ్యగారూ. నన్ను ఎవ్వలు అడగనే లేదు."

బెన్నీ కూడా లేచాడు. "క్యాథీ, ఇంటికాడ మాట్లాడుకుందాం. నువ్వు పరేషాన్ అయితవనే చెప్పలే."

"ఎబినేజర్ మామ నన్ను అడిగిండు బెన్నీ. నవ్వకుంట అడిగిండు. నేను నోరు తెరిచేలోపల నా జవాబు నువ్వే చెప్పినవ్. ఇయ్యాల నా తప్పు సుత నువ్వే ఒప్పుకున్నవ్. రేపు మనింట్ల నేనేం అనుకుంటున్ననో సుత నువ్వే చెప్తవు." ఆమె కళ్లు నిండాయి. "ఈ పెండ్లి ఆపుండ్రి అయ్యగారూ."

ఆ నిమిషంలో కూడా ఆమెకు ఆ పెళ్లి కావాలి. అది అందరికీ కనిపిస్తూనే ఉంది. బెన్నీ మొహంలో నవ్వు పోయింది, ఆ చోట ఏం పెట్టాలో తెలియక అతను అలాగే నిలబడ్డాడు. పాపం, చెడ్డవాడు కాదు. పాస్టరుగారు నా వైపు చూశారు. నేను కంగారులో కోత పండుగ పాట ఎత్తుకున్నాను. సగం మంది పాడారు కూడా.

ఆరాధన అయ్యాక జనం గుంపులు గుంపులుగా నిలబడ్డారు. లిడియా కోపంతో ముందే ఇంటికి వెళ్లిపోయింది. క్యాథరిన్ ఒక్కతే వరండాలో పిల్లల చాప చుడుతోంది. ఎవరూ దగ్గరికి పోలేదు. నేనూ పోలేదు, హార్మోనియం మీద గుడ్డ కప్పుతూ కిటికీలోంచి చూశాను. ఎబినేజర్ కర్ర పొడుచుకుంటూ వచ్చి ఆమె ముందు ఆగాడు.

"నా వల్లనేనా బిడ్డా?"

ఆమె మామా అనబోయి ఆగింది. "నీ వల్ల కాదు పెద్దయ్యా."

"మరి నా జవాబు?"

క్యాథరిన్ చాప కింద పెట్టింది. "నాకు తెల్వది పెద్దయ్యా. లోకాలు ఎన్నున్నయో తెల్వది. దెబోరా ఏడున్నదో తెల్వది. తెలిసినట్టు నీకు చెప్పలేను."

కోప్పడతాడనుకున్నాను. ఆయన కర్రను గోడకు ఆనించాడు. తర్వాత వరండా మెట్టు మీద మెల్లగా కూర్చున్నాడు.

"పోరి పోయినకాన్నుంచి అడుగుతనే ఉన్న," అన్నాడు. "అందరు తెలుసనే చెప్పిండ్రు. ఈ లోకంల నాకొక్కనికే తెల్వదనుకున్న."