పిండి తాళంచెవి

పొద్దున్నే పిండి కలిపేటప్పుడు ఆ తల్లి ఓ ముద్ద పక్కన పెడుతుంది. "ఇదిగో పిచ్చుకా, నేనొచ్చేదాకా దీంతో ఆడుకో. అల్లరి చేయకు" అని కూతురి చేతికిచ్చి, గదికి బయట తాళం వేసి, బట్టలు కుట్టే షెడ్డుకి పరుగు తీస్తుంది. ఆ వరుస ఇళ్ళలో అందరికీ తెలిసిన సంగతే ఇది. తెలిసీ ఎవరూ నోరు మెదపరు. పరాయివాళ్ళ సంసారంలో మనమెందుకు తలదూర్చడం అనుకోవడం మర్యాదైపోయింది మనకి.

ఐదేళ్ళ పిచ్చుక ఆ ముద్దతో మొదట్లో బొమ్మలు చేసేది. నొక్కితే పలకయ్యేది, సాగదీస్తే తాడయ్యేది. ఓ రోజు తాళంచెవి చేసింది. దువ్వెనతో అంచున పళ్ళు కూడా పెట్టింది. తాళం బయటుంది కదా, అందుకని తలుపు కిందనుంచి తోసింది. లావుగా ఉండి ఇరుక్కుంది. అరచేత్తో ఒత్తి పల్చన చేస్తే దూరింది.

"ఎవరైనా తాళం తీయండి" అంది, మెల్లగా. అల్లరి చేయొద్దని అమ్మ చెప్పిందిగా మరి. ఎవరో తొక్కుకుంటూ పోయారు. మెత్తగా ఉండబట్టే నలిగిందనుకుని, మర్నాడు ఇంకోటి చేసి కిటికీలో ఎండబెట్టింది. గట్టిపడింది కానీ, తోస్తుంటే పుటుక్కున విరిగింది. పాపం, ఆ ముక్కలు పట్టుకుని ఎంత ఏడ్చిందో.

ఇరుగుపొరుగు మాత్రం గుమ్మం ముందు పిండేంటి, ఈ చీమలేంటి అని తల్లిని చీవాట్లు పెట్టారు. ఆమె ఆ కోపంలో పిల్ల వీపు మీద ఒకటి వేసింది. అయినా పిచ్చుక తాళంచెవులు చేయడం మానలేదు.

ఓ రోజు పక్కింటి మామ్మ వాకిలి ఊడుస్తూ చీపురు ఆపింది. పిండి ముక్కని చేతిలోకి తీసుకుని చూసింది.

"ఏమే పిచ్చుకా, ఇదెవరికోసమే?"

తలుపు లోపల్నుంచి పిల్ల గొంతు వినిపించింది. "ఎవరికైనా, మామ్మా. నువ్వు తీస్తావా? జాగ్రత్త, వంగిపోతుంది."

అసలు తాళంచెవి తల్లి దగ్గరుంది. తలుపుకి ఇటు మామ్మ, అటు పిల్ల, సాయంత్రందాకా అలాగే కూర్చున్నారు.

తల్లి రాగానే మామ్మ ఆ ముక్క చూపించింది.

"నన్నేం చేయమంటారు మామ్మగారూ? మా షెడ్డుకీ బయట తాళమే. పనయ్యేదాకా తీయరు. అక్కడ నేను, ఇక్కడ ఇది" అంటూ గుమ్మంలోనే కూలబడింది.

"పిండిని ఎలా నలిపినా మళ్ళీ ముద్ద చేసుకోవచ్చు అమ్మాయ్, పిల్ల మనసుని చేయలేం" అంది మామ్మ. "తప్పు నీ ఒక్కదానిదే కాదు. దీన్ని తొక్కుకుంటూ పోయిన కాళ్ళలో నావీ ఉన్నాయి. రేపట్నుంచి పిల్ల మా ఇంట్లో ఉంటుంది. ఆ షెడ్డు తాళం సంగతి అక్కడ పనిచేసే మీరంతా కలిసి యజమానిని అడగండి, మేమూ వెంట వస్తాం."

మర్నాడు పిచ్చుక మామ్మగారి గుమ్మంలో కూర్చుంది. ఎంత పిలిచినా లోపలికి రాలేదు. గాలికి తలుపు కదిలినప్పుడల్లా ఉలిక్కిపడి, మూసుకోకుండా చెయ్యి అడ్డం పెట్టింది.

అయ్యా, అమ్మా, బయట తాళం పడిన గదిలో బిడ్డ భద్రంగా ఉందనుకోకండి. బిడ్డకి భద్రత పక్కింటివాళ్ళు తెరిచి ఉంచిన తలుపే.