పడిందన్న మాట

ఫొటో తీసేవాడికి తన ఫ్లాష్ వెలిగిందో లేదో తనకే తెలియదు. కెమెరాకి కన్ను ఆనించి మీట నొక్కగానే లోపలి అద్దం పైకి లేస్తుంది, కంటికి చీకటి కమ్ముతుంది. సరిగ్గా ఆ రెప్పపాటులోనే బయట ఫ్లాష్ వెలిగి ఆరిపోతుంది. ఎదురుగా కూర్చున్నవాళ్లంతా చూసిన వెలుగుని తీసినవాడొక్కడే చూడడు. అందుకే ఆ స్టూడియోలో ఒక పద్ధతి ఉండేది. పక్కన ఫ్లాష్ పట్టుకున్న మనిషి ప్రతిసారీ "పడింది" అనాలి. ఆ మాట చెవిన పడితేనే ఫిల్ము తిప్పాలి. పడకపోతే, అప్పటికే నవ్వి నవ్వి దవడలు నొప్పెట్టిన కుటుంబం చేత ఇంకోసారి నవ్వించాలి. ఫిల్ములు పోయాయి, తీసింది తీసినట్టు వెనక తెర మీద చూపించే కెమెరాలొచ్చాయి. మాట మాత్రం పోలేదు. నోటికి అలవాటైన మాటని ఏ కంపెనీ మార్చగలదు?

ఆ పద్ధతి పెట్టినవాడు మెరుపు మామయ్య. ఆయన మామయ్య అయింది పొట్టి అనే అమ్మాయి ఒక్కదానికే, మెరుపు మాత్రం వీధి మొత్తానికి. పట్టపగలు ఎండలో తీసినా ఫ్లాష్ కొడతాడని జనం పెట్టిన పేరు అది. "సూర్యుడి మీద కూడా నమ్మకం లేదా నీకు?" అని ఎవరైనా ఎగతాళి చేస్తే, "ఆయన నెత్తి మీద నుంచి కొడతాడు, కళ్ల కింద గుంటలు పడతాయి. ఆ గుంటలు పూడ్చే కూలివాణ్ణి నేను" అనేవాడు.

పొట్టి ఆయన అక్క కూతురు. ముప్పై దాటింది, గుమ్మంలో తల వంచి రావాల్సినంత పొడుగైంది, అయినా పొట్టే. చిన్నప్పుడు లెన్సులు తుడిచే గుడ్డ ఇచ్చి స్టూడియోలో కూర్చోబెట్టింది ఆయనే. ఆయన పెళ్లి చేసుకోలేదు. "ఇంట్లో అక్క, అక్క కూతురు... ఇంకో ఆడమనిషి కూడా నన్ను తిట్టాలా?" అనేవాడు. పాస్‌పోర్టు ఫొటోలూ గ్రూపు ఫొటోలూ బతుకుతెరువుకైతే, మేనమామా మేనకోడళ్లిద్దరికీ అసలు పిచ్చి పిట్టల మీద. ఒక్క పిట్టా వచ్చి "నన్ను నల్లగా తీశావేంటయ్యా" అని తగువు పెట్టుకోదు కదా మరి.

అయితే పిట్టల దగ్గర మెరుపు మామయ్య మెరుపులు కురిపించేవాడు కాదు. పగలే, అదీ నీడలో ఉన్న పిట్టకే, అంతంతమాత్రం వెలుగు. ఫ్లాష్ మూతికి పల్చటి ట్రేసింగు కాగితం అంటించి, పక్కవాటుగా పట్టుకుని, రెక్కల రంగు తేలేంత, కంట్లో చిన్న తెల్లచుక్క మెరిసేంత. ఆ చుక్క లేకపోతే ఎంత బతికున్న పిట్టయినా ఫొటోలో గడ్డి కుక్కిన బొమ్మలా ఉంటుంది. "పిట్ట ఉలిక్కిపడిందా, ఇక మూట సర్దేసుకోవాలి. దాని ఇంటికి మనం పిలవని చుట్టాలం" అని ఆయన పొట్టికి నేర్పిన మొదటి పాఠం.

నాలుగేళ్లుగా ఆయన చూపు అంచుల నుంచి మూసుకొస్తోంది. కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతోందన్నారు డాక్టరు. "ఎవడో నెమ్మదిగా లెన్సు మూత పెట్టేస్తున్నట్టుందే" అన్నాడాయన నవ్వుతూ. కెమెరా పొట్టి చేతికొచ్చింది, ఫ్లాష్ ఆయన చేతికి. మనుషులు మసకలయ్యారు, తర్వాత మసకలు కూడా పోయాయి. "వెలుగు తెలుస్తోంది, అది చాలు నాకు. ఫ్లాష్ పట్టుకోవడానికి వెలుగు తెలిస్తే చాలదా?" అనేవాడు. మధ్యలో కంటికి ఆపరేషనయ్యి కొన్ని వారాలు ఇంట్లో ఉండాల్సొచ్చింది. అప్పుడు గడ్డం గీసుకోలేదు, పిలిస్తే పలకలేదు, పెట్టింది పెట్టినట్టే వదిలేశాడు. మళ్లీ ఫ్లాష్ చేతికిచ్చిన రోజునే మనిషయ్యాడు. ఆ సంగతి పొట్టి మరిచిపోలేదు.

ఈసారి పిల్లల కోసం పిట్టల పుస్తకం వేసే ఆవిడ లకుముకిపిట్ట ఫొటోలు అడిగింది. ఊరి బయట వాగు మీద చిన్న ఆనకట్ట ఉంది. దాని కింద మట్టిగట్టులో బొరియ, బొరియలో లకుముకి పిల్లలు. పైన గట్టు ముందుకి వంగి ఉండటంతో పొద్దున్న కూడా అక్కడ నీడే. పొట్టి గోనెపట్టాలతో చిన్న డేరా కట్టింది. అందులో ఇద్దరూ భుజం భుజం రాసుకుని కూర్చునేవాళ్లు. ఆమె కన్ను కెమెరాకి, ఆయన చెయ్యి గోనె చీలికలోంచి బయటికి, చేతిలో కర్ర, కర్ర చివర ఫ్లాష్. నీళ్ల హోరులో చెవి పక్కన కెమెరా చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు.

ఒక పొద్దున్న పిట్ట చేప కరుచుకుని వచ్చి కొమ్మ మీద వాలింది. పొట్టి మీట నొక్కింది.

"పడింది," అన్నాడు మామయ్య.

ఇంకోటి. "పడింది."

తెర చూసుకుంటే ఫొటో నల్లగా ఉంది. పిట్ట రంగు లేదు, కంట్లో చుక్క లేదు. కర్రని మెల్లిగా లోపలికి లాగి చూసింది. ఫ్లాష్ వెనక ఎర్రదీపం లేదు. దాని చిన్న తలుపు తీసి చూస్తే లోపల బ్యాటరీలే లేవు. రాత్రి చార్జింగుకి పెట్టి, గోడకే మరిచిపోయి వచ్చింది.

నవ్వొచ్చింది ముందు. "మామయ్యా, బ్యాటరీల్లేకుండా వెలుగు పడేసిన మొనగాడివి నువ్వే" అనబోయింది. నోరు తెరిచింది కూడా. అప్పుడు అర్థమైంది. ఆయనకిప్పుడు వెలుగు కూడా తెలియడం లేదు. తెరిచిన నోరు మూసుకుంది.

"ఏంటే, బాలేదా?"

"బాగుంది మామయ్యా. లెన్సు మీద మట్టి పడితే తుడిచాను."

అలవాటు కొద్దీ అన్నాడేమోనని తనకి తాను సర్దిచెప్పుకుంది. మర్నాడు బ్యాటరీలు వేసింది. పిట్ట వచ్చింది, పిల్లలకి చేప అందించడానికి బొరియలో తల దూర్చబోయింది. సరిగ్గా అప్పుడే పొట్టి మీట నొక్కింది. ఫ్లాష్ వెలిగింది. పక్కవాటుగా కాదు, సూటిగా బొరియ నోట్లోకి. మామయ్య చెయ్యి ఎప్పుడు అటు తిరిగిందో ఆయనకే తెలియదు. పిట్ట ముక్కున ఉన్న చేపని వదిలేసి, గట్టుకి రెక్క కొట్టుకుని, కీచుమంటూ వాగు మీదుగా పోయింది.

"పడింది," అన్నాడాయన. తర్వాత చెవి రిక్కించాడు. "అదేంటే, అలా అరిచింది? ఉలిక్కిపడిందా?"

"లేదు మామయ్యా. చేప జారిపోయిందని కోపం."

"నీలాంటిదే అయితే."

పొద్దెక్కింది. పిట్ట రాలేదు. గట్టు లోపల పిల్లలు ఆకలికి గొణుగుతున్న చప్పుడు నీళ్ల హోరులో కూడా తెలుస్తోందని పొట్టికి అనిపించింది. మధ్యాహ్నానికి గానీ ఆ తల్లి వెనక్కి రాలేదు. వచ్చాక కూడా ఎదురుకొమ్మ మీద కూర్చుని డేరా వంకే చాలాసేపు చూసింది. పొట్టి ఊపిరి బిగబట్టి కూర్చుంది. పక్కన మామయ్య కునికిపాట్లు పడుతున్నాడు.

ఇంటికొచ్చాక వంటింట్లో అమ్మకి చెప్పింది. అమ్మ చేతిలో గిన్నె తోముతూనే వింది.

"నిన్న చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు," అంది అమ్మ. "చెప్తే, అదిప్పుడు ఫ్యాషనక్కా అన్నాడు. నాకెప్పుడో తెలుసే."

"అయితే నువ్వు చెప్పమ్మా."

"నేను చెప్తే ఏడుస్తాను. వాడు నన్ను ఊరుకోబెట్టడంలో పడి తన సంగతి మరిచిపోతాడు. చెప్తే నువ్వే చెప్పాలి. వాడు నీ మాటే వింటాడు."

పొట్టి చెప్పలేదు. మర్నాడు బయల్దేరే ముందు ఫ్లాష్‌లోంచి బ్యాటరీలు తీసి సొరుగులో పడేసింది. పిల్లలకి అపకారం లేదు, మామయ్యకీ లేదు, పోయేది కాస్త రంగే కదా అనుకుంది. స్కూటరు వెనక ఆయన ఆమె భుజం పట్టుకుని కూర్చున్నాడు, దారిపొడుగునా పాత గిరాకీల కథలు చెబుతూ.

"ఒకావిడ రోజూ వచ్చి ఫొటో తీయించుకునేది. ఎందుకమ్మా ఇన్ని అంటే, ఏదో ఒకదాంట్లో అయినా అందంగా పడకపోతానా అంది!"

"పడిందా?"

"నేను ముసలివాణ్ణయ్యాను గానీ ఆవిడ పడలేదు."

ఆ రోజు నుంచి చచ్చిన ఫ్లాష్ పట్టుకుని ఆయన రోజూ "పడింది, పడింది" అంటూనే ఉన్నాడు. ఒకసారైతే ఆయన మొహం చిట్లించాడు. "ఇది మరీ ఎక్కువ పడిందే. కాస్త తగ్గించు." ఆమె ఫ్లాష్ అందుకుని, వెనక బొత్తాలు రెండు ఉత్తినే నొక్కి, తిరిగి ఆయన చేతికిచ్చింది. మళ్లీ నొక్కింది మీట. "ఆఁ, ఇప్పుడు సరిపోయింది," అన్నాడాయన తృప్తిగా. కెమెరాలో పెట్టిన కన్ను తడిసి ఆమెకి పిట్టే కనబడలేదు.

పిల్లలు ఎగిరిపోయాయి. డేరా విప్పేశారు. ఫొటోలు వెళ్లాయి.

పుస్తకం ఆవిడ ఫోను చేసిన మధ్యాహ్నం పొట్టి పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరిస్తోంది. రెండు చేతులకీ పని ఉందని ఫోను స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచింది. పక్క కుర్చీలో మామయ్య లెన్సు తుడుస్తున్నాడు.

"ఫొటోలు చూశానమ్మా. ఎంత బాగున్నాయో! ఈసారి అసలు ఫ్లాష్ వాడలేదు కదూ? నీడలో ఉన్నది నీడలోనే ఉన్నట్టుంది. కన్ను మాత్రం కాస్త నల్లబడింది, అది పెద్ద విషయం కాదులే."

కత్తెర ఆగిపోయింది. ఒక పెద్దమనిషి ఫొటోలో, చెవి దగ్గర. పొట్టి ఫోను అందుకునేలోపు మామయ్యే పలికాడు.

"వాడలేదమ్మా. పిల్లలున్న గూడు కదా. వాడకూడదు."

గొంతులో ఒక్క జీర లేదు. ఆవిడ ఇంకా ఏదో మెచ్చుకుని పెట్టేసింది. మామయ్య పొట్టి వైపు తిరిగాడు.

"ఎప్పటినుంచి?" అన్నాడు.

"చేప జారిన మర్నాటి నుంచి."

"జారిందా, వదిలేసిందా?"

"వదిలేసింది మామయ్యా."

"నా చెయ్యి ఎటుంది?"

ఆయన లెన్సుని గుడ్డలో చుట్టి, బల్ల అంచు చేత్తో తడుముకుని, జాగ్రత్తగా పెట్టాడు.

"బొరియ వైపేనా?"

"ఊఁ."

"మరి చెప్పవేం? పిట్టల ముందు నా పరువు తీశావు కదే." నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగింది. "నిన్ను మోసం చెయ్యాలని కాదే. నువ్వు మీట నొక్కిన చప్పుడు వినగానే కళ్లలో ఏదో మెరిసినట్టే ఉండేది. అది బయటిదో లోపలిదో తెలిసేది కాదు. అడిగితే నువ్వు లేదంటావేమోనని అడగలేదు."

ఆమె వచ్చి ఆయన ముందు నేల మీద కూర్చుంది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేసి, కాసేపటికి తీసేశాడు.

"బ్యాటరీలు వెయ్యి," అన్నాడు.

"ఎందుకు మామయ్యా?"

"వెయ్యవే. ఒక్కసారి నా మొహం మీద కొట్టు. కాగితం తీసేసి కొట్టు."

"వద్దు మామయ్యా."

"డాక్టర్లు ఏవేవో పెట్టి చూశారు. నా సరుకుతో నేను చూసుకోనా?"

పొట్టి లేచి సొరుగు తీసింది. బ్యాటరీలు వేస్తుంటే ఒకటి తిరగబడింది, మళ్లీ సరిగ్గా వేసింది. ట్రేసింగు కాగితం పీకేసింది. ఫ్లాష్ సన్నగా కుయ్‌మని కూసి, ఆ కూత పైకి పోయి ఆగింది. ఆ కూత ఆయనా విన్నాడు. కుర్చీలో సర్దుకుని, గిరాకీలకి తను చెప్పినట్టే గడ్డం కొంచెం పైకెత్తి, కళ్లు పెద్దవి చేసి కూర్చున్నాడు.

కొట్టింది. గది తెల్లబడిపోయి, గోడ మీది ఫ్రేములన్నీ ఒక్కసారి మెరిసి, మళ్లీ మామూలైంది. పొట్టి కళ్ల ముందు పచ్చటి మచ్చలు ఈదుతున్నాయి.

ఆయన కదల్లేదు. అలాగే గడ్డం ఎత్తి ఎదురు చూస్తున్నాడు.

"ఊఁ, కొట్టవే. ఎంతసేపు?"

ఇంకా కొట్టలేదు మామయ్యా అనొచ్చు. బ్యాటరీ అయిపోయిందనొచ్చు. అబద్ధాలు నాలుక చివరే వరస కట్టి ఉన్నాయి. ఇన్నాళ్లూ అవే ఆదుకున్నాయి.

"కొట్టేశాను మామయ్యా."

గడ్డం నెమ్మదిగా కిందికి దిగింది.

"ఎంత దూరం నుంచి?"

"మూరెడు."

"ఫుల్లా?"

"ఫుల్లే."

"ఊఁ," అన్నాడు. ఫోనులో ధర చెబితే తల ఊపే గిరాకీలా, కాసేపు ఊరికే తల ఊపాడు. కళ్లు మాత్రం మూసుకోలేదు. తర్వాత చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు, చెమట పట్టినట్టు.

"ఇకనుంచి స్టాండు తీసుకెళ్లు. అది నాకన్నా నయం, కునుకు తీయదు. మూడు కాళ్లు, నాకు రెండే."

"నువ్వూ రా మామయ్యా. ఊరికే కూర్చుందువు గానీ."

"వాగు దగ్గర ఊరికే కూర్చోవడానికి నేనేమైనా కొంగనా?"

పొట్టి నవ్వలేకపోయింది. ఆయన లేచి, గోడ పట్టుకుని మూలకి నడిచి, దుమ్ము పట్టిన లైటు స్టాండుని వెతుక్కుని తెచ్చుకున్నాడు. కుర్చీలో కూర్చుని ఒళ్లో అడ్డంగా పెట్టుకుని కాళ్లు ఒక్కొక్కటీ విప్పాడు. ఒక్కొక్క మరనీ వేళ్లతో తిప్పి చూశాడు.

"ఇది వదులుగా ఉంది. ఇలాగే పెడితే పొద్దున్నంతా నిలబడి మధ్యాహ్నానికి వాలిపోతుంది. స్క్రూడ్రైవరు ఇటియ్యి."

ఆమె తెచ్చి అరచేతిలో పెట్టింది. ఆయన మర గాడి బొటనవేలితో వెతికి, మొన ఆనించి, బిగించడం మొదలుపెట్టాడు. ఆమె కాలు కదలకుండా పట్టుకుంది. మర కాసేపటికే బిగిసిపోయింది. ఇక తిరగదని ఆమె చేతికి తెలుస్తూనే ఉంది. ఆయన మాత్రం తల వంచుకుని తిప్పుతూనే ఉన్నాడు.