ముందు సీట్లో గైడు

ఖాదర్‌బాషా తిరువూరు బస్టాండు దగ్గర ఇరవై రెండేళ్లుగా అద్దెకారు నడుపుతున్నాడు. ఎక్కడికి వెళ్లినా దారి పొడుగునా ఆ ఊళ్ల సంగతులు చెప్పుకుంటూ పోవడం అతని అలవాటు. ఆ మాటల్ని అందరికన్నా ఇష్టంగా వినేది జ్ఞానమణి టీచరు. గంపలగూడెం బళ్లో సోషల్ చెప్పి రిటైరైన మనిషి. ఆమె భర్త బాలశౌరికి కారు కదలగానే నిద్ర ముంచుకొచ్చేది. ఆమె మాత్రం వెనక సీట్లోంచి ముందుకు వంగి, ఆ కోట ఎవరిది, ఈ ఏరు ఎక్కడ పుట్టింది అని అడుగుతూనే ఉండేది. పన్నెండేళ్లుగా వాళ్లు వేరే కారెక్కలేదు. ఇంట్లో భార్య మహబూబీ దేనికైనా తనను తీసిపారేస్తే, "అంత చదువుకున్న టీచరమ్మే నన్నడిగి తెలుసుకుంటుంది" అనేవాడు ఖాదర్.

ఆ జనవరిలో టీచరు పులికాట్ చూడాలంది. సముద్రానికీ నేలకూ మధ్య ఉప్పునీటి సరస్సు, దాని ఒడ్డున తమిళనాడు వైపు పాత రేవు ఊరు. ఖాదర్ అటెప్పుడూ వెళ్లలేదు. తెలీదనడం ఇష్టంలేక రెండు వారాలు ఫోన్లో వీడియోలు చూశాడు. అక్కడికొచ్చే పక్షుల పేర్లు, ఆ ఊరిని ఏలిన దొరల పేర్లు బట్టీపట్టాడు.

ముందురోజు బయల్దేరి, రాత్రికి సూళ్లూరుపేటలో దిగారు. తెల్లారి టిఫిన్ దగ్గర టీచరు సంగతి చెప్పింది. అక్కడ గుల్షన్ అనే గైడుతో ఫోన్లో మాట్లాడిందట. రోజంతా తమకోసమే ఉంటుందట.

"నీకు ఈసారి మాట్లాడే శ్రమ లేదు ఖాదర్, హాయిగా బండి నడుపుకో" అంది.

ఆమె అతని మంచికే అంది. ఖాదర్‌కు మాత్రం చేతిలో ఇడ్లీ నోటిదాకా పోలేదు.

గుల్షన్ ఊరి మొదట్లోనే ఎదురొచ్చింది. నలభై ఏళ్లుంటాయి. తలమీద కొంగు, చేతిలో తాటాకు సంచి. పుట్టిల్లు సూళ్లూరుపేట కావడంతో తెలుగు గలగలా మాట్లాడుతోంది. ముందు సీట్లో కూర్చుని, "ఎడమకు పోనివ్వండన్నా. ఇక్కడ ఆపండన్నా" అంటూ దారి చెప్పసాగింది. ఇరవై రెండేళ్లలో పక్కన కూర్చుని ఖాదర్‌కు దారి చెప్పినవాళ్లు లేరు.

పాత శ్మశానం దగ్గర ఆగారు. వాకిలికి రెండువైపులా రాతిలో చెక్కిన అస్థిపంజరాలు ఉన్నాయి. గుల్షన్ ఒక్కో సమాధి ముందు ఆగి ఎవరిదో, ఎలా పోయారో చెబుతుంటే టీచరు చేతిసంచిలోంచి చిన్న నోటుపుస్తకం తీసి రాసుకోవడం మొదలెట్టింది. ఖాదర్ ఆ పుస్తకాన్నే చూస్తూ నిలబడ్డాడు. తను ఎన్ని కోటల గురించి, ఎన్ని కొండల గురించి చెప్పాడు? ఒక్కసారైనా ఆమె కలం తీయలేదు.

ఉండబట్టలేక, "వీళ్లు పోర్చుగీసు దొరలండి" అన్నాడు.

"పోర్చుగీసువాళ్లు ముందొచ్చారన్నా. ఈ సమాధులు డచ్చివాళ్లవి" అంది గుల్షన్ మెల్లగా. అందులో ఎగతాళి లేదు. ఉంటే ఖాదర్ తిరిగి ఏదో ఒకటి అనగలిగేవాడు.

తర్వాత మసీదులో ఎండపొడను బట్టి వేళ చెప్పే రాతిగడియారం చూపించింది. తాటాకు బుట్టలల్లే ఆడవాళ్ల దగ్గరికి తీసుకెళ్లింది. ఎప్పుడూ కునికే బాలశౌరి కూడా నిద్ర మానేసి, వాళ్ల మధ్య చతికిలబడి బుట్ట అల్లబోయి నవ్వులపాలయ్యాడు. ఖాదర్ కారు దగ్గరే ఉండి, తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాడు.

మధ్యాహ్నం గుల్షన్ అత్తగారికి అన్నం పెట్టాలని ఇంటికి వెళ్తూ, ఖాదర్ నంబరు తీసుకుని అతనితో చెప్పింది. "నాలుగింటికి వంతెన దగ్గరికి తీసుకురండన్నా. ఆ వేళకు నీళ్లు వెనక్కి తగ్గి పక్షులు దగ్గరకొస్తాయి. నేనక్కడే ఉంటాను."

అతను తలూపాడు. భోజనాలయ్యాక టీచరు గైడు ఏదని అడిగింది. అప్పటిదాకా ఖాదర్ ఏమీ అనుకోలేదు. నోరు తెరిచేసరికి అబద్ధం దానంతటదే వచ్చేసింది.

"ఇంట్లో ఏదో పనిపడిందటండి, ఇక రాలేనని ఫోన్ చేసింది. నేను చూపిస్తా రండి."

టీచరు నొచ్చుకుంది. ఆమె ఫోను పొద్దున్నుంచీ ఫొటోలు తీసి తీసి ఆరిపోయి ఉంది. ఖాదర్ తన ఫోను మోగకుండా చేసి జేబులో పెట్టుకున్నాడు.

వంతెన వైపు కాకుండా ఊరికి రెండోపక్కన ఒడ్డు వెంబడి పోనిచ్చాడు. చాలాసేపటికి దూరంగా తెల్లటి పక్షులు కనిపించాయి. ఫ్లెమింగోలండి, రష్యా నుంచి వస్తాయండి అని ఉత్సాహంగా చెప్పాడు.

బాలశౌరి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "ఇవి మన పెనుగొలను చెరువులో వాలే కొంగలే కదయ్యా."

టీచరు పుస్తకం తెరవలేదు. ఇంకా దగ్గరగా చూపించాలని ఖాదర్ బండిని నీళ్లవైపు దించాడు. పైకి గట్టిగా కనిపించిన నేల కింద అంతా బురద. చక్రాలు సగానికి దిగబడ్డాయి. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంకా దిగాయి. అరగంట తంటాలుపడ్డాడు. బాలశౌరి చెప్పులు చేత పట్టుకుని నెట్టబోతే టీచరు వద్దంది.

కారు దిగబడ్డ సంగతి జాలర్లు చెప్పుకోగా గుల్షన్‌కు తెలిసింది. ఆటోలో వచ్చింది. వెంట ఇద్దరు మనుషులు, రెండు చెక్కలు, తాటిమట్టల మోపు. మొహం ఎండకు కమిలిపోయి ఉంది. గంటకు పైగా వంతెన మీద నిలబడిందని అప్పుడు తెలిసింది.

"రాలేనన్నారటగా?" అంది టీచరు.

గుల్షన్ ఖాదర్ వైపు చూసింది. కప్పిపుచ్చుతుందని అతనికి ఒక్క క్షణం ఆశ కలిగింది.

"నేనలా అనలేదు టీచరమ్మా. అన్నకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా తీయలేదు."

మట్టలు పరిచి, చెక్కలు వేసి, కారు గట్టెక్కించారు. అప్పుడు వంతెన దగ్గరికి వెళ్లారు. అప్పటికి నీళ్లు మళ్లీ పెరిగాయి. ఫ్లెమింగోలు దూరంగా ఒక గులాబీరంగు గీతలా కనిపించాయంతే.

మర్నాడు తిరుగు ప్రయాణంలో నెల్లూరు దాటేదాకా టీచరు ఏమీ అడగలేదు. ఖాదరే మొదలుపెట్టాడు. తప్పయిపోయిందండి, ఆమె చెప్పేది మీరు రాసుకుంటుంటే చూడలేకపోయానండి అన్నాడు.

టీచరు అంది. "నువ్వు చెప్పేవాటిలో సగం నీ సొంత కల్పనేనని నాకు మొదట్నుంచీ తెలుసు ఖాదర్. అవి రాసుకోవడానికి కాదు, వినడానికి బాగుండేవి. కానీ నిన్న నువ్వు చేసింది అలాంటిది కాదు. ఒక మనిషిని ఎండలో నిలబెట్టావు."

అందులో మెచ్చుకోలు ఎంతో, మందలింపు ఎంతో ఖాదర్‌కు తేలలేదు. విజయవాడ వచ్చినా తేలలేదు.

తిరువూరు చేరిన మూడోనాడు గుల్షన్‌కు ఫోన్ చేసి క్షమించమన్నాడు. "నేను మీ పక్కన కూర్చున్నప్పుడే మీ మొహం చూసి, నేను రావడం మీకు నచ్చలేదని అనుకున్నానన్నా" అంది ఆమె. కోపం పోయిందనీ అనలేదు, పోలేదనీ అనలేదు. అటువైపు నుంచి ఎవరినైనా తీసుకొస్తే ముందుగా చెప్పమంది.

ఫిబ్రవరి చివర్లో ఎ.కొండూరు నుంచి ఒక కుటుంబాన్ని తీసుకెళ్లాడు. ముందే గుల్షన్‌కు చెప్పాడు. ఆమె శ్మశానం వాకిట్లో మాట్లాడుతుంటే, అందరూ ఆమె చుట్టూ మూగుతుంటే, అతనికి కడుపులో మంట మొదటిరోజు ఎంతుందో అంతా ఉంది. అయినా ఈసారి కారు దగ్గర ఉండిపోలేదు. వెళ్లి వాళ్ల వెనక నిలబడి, డచ్చివాళ్లు ఏ ఏట వచ్చారో, ఎందుకు పోయారో చివరిదాకా విన్నాడు.