గంటత్త ఊపిరి

గంటత్తకు బుద్ధెరిగిన నాటి నుంచి ఒక్కసారి కూడా దగ్గు రాలేదని ఊరందరి నమ్మకం. ఊరి దగ్గులన్నిటికీ మందు పోసే మనిషికి దగ్గెలా వస్తుందని వారి తర్కం.

ఆ ఆదివారం ఉదయం ఆమె చర్చి ఊడ్చి, బల్లలు తుడిచి, గంట గదిలోకి వెళ్లి గడియ వేసుకుంది. తాడు లాగింది. పైన గంట మోగగానే కింద దగ్గు మొదలైంది. మోతలో దగ్గడం, మోత సద్దుమణిగే వేళకు ఊపిరి బిగబట్టడం కొన్నాళ్లుగా ఆమెకు అలవడిన విద్య. అందువల్ల గంట అవసరానికి మించి మోగేది. బయట పెద్దలు ఆమె భక్తిని మెచ్చుకునేవారు.

మందు అత్తగారి నాటిది. కాపురానికి వచ్చిన కొత్తలో, పశువుల పాక పక్కన పొయ్యి ముందు కూర్చోబెట్టి, అల్లం, మిరియాలు నూరిస్తూ ఆవిడ ప్రార్థనతోపాటు ఒక నియమం కూడా వల్లె వేయించింది. మందు పోసే మనిషి బిడ్డను ఒడిలోకి తీసుకోవాలి. తొలి గుక్క తాను తాగి, బిడ్డ ముఖాన ఊదాలి. ఆ మనిషి దగ్గిందా, మందు విషమే.

ముందటి ఆదివారం ఆరోగ్య కేంద్రం నర్సు గంట గది పక్కగా పోతూ ఆ దగ్గు వింది. క్షయలా ఉందని, పరీక్ష చేయించాలని, నెలల తరబడి మాత్రలు మింగితే నయమవుతుందని చెప్పింది. పిల్లల ముఖాన ఊదవద్దని మరీ మరీ హెచ్చరించింది. మళ్లీ వచ్చినప్పుడు బండిలో తీసుకెళ్తానంది.

ఆరాధన ముగిసేసరికి నర్సు బండి చర్చి వాకిట్లో ఉంది. చేతిసంచిలో చీర పెట్టుకుని మెట్లు దిగుతున్న గంటత్తకు తోడికోడలు అడ్డం వచ్చింది.

“నువ్వే ఆసుపత్రి మెట్లెక్కితే ఇక మన గుమ్మం ఎవరెక్కుతారే?”

“ఊపిరి ఆడటం లేదక్కా.”

“మెల్లగా అను. ఎవరైనా వింటారు.”

అంతలో వడ్రంగి కోడలు దగ్గుతున్న పసిదాన్ని తెచ్చి, గంటత్తను మెట్ల మీదే కూర్చోబెట్టి ఒడిలో పెట్టింది. తోడికోడలు అప్పటికే మందు గిన్నెతో సిద్ధం. జనం చుట్టూ మూగారు. గంటత్త తొలి గుక్క తాగింది. ఊదడానికి వంగితే పసిదాని పెదవులు జానెడు దూరంలో ఉన్నాయి. గుండెలో గరగర మొదలైంది. ఆమె ముఖం పక్కకు తిప్పుకుని, గిన్నెను చేతిలోంచి వదిలేసింది. గిన్నె మెట్ల మీదుగా దొర్లిపోయింది.

“నా చేతి మందు దీనికి అచ్చిరాదమ్మా. బండిలో తీసుకెళ్లు,” అంది.

ఇన్నాళ్లూ నర్సు ఎంత చెప్పినా ఆసుపత్రికి కదలని వడ్రంగి కోడలు, ఒలికిన మందు చూసి బెదిరి, పరుగున బండెక్కింది. శాస్త్రం చేయలేని పనిని శకునం చేసి పెట్టింది.

“నువ్వూ ఎక్కు పిన్నీ,” అని నర్సు బండిలోంచి పిలిచింది.

జనం తలలన్నీ ఇటు తిరిగాయి. మోచేతి మీద తోడికోడలి పట్టు బిగిసింది.

“నాకేం రోగమమ్మా?” అంది గంటత్త.

బండి కదిలిపోయింది.

సాయంత్రం గంట ఎన్నడూ లేనిది మధ్యలో ఆగింది. గడియ విరగ్గొట్టి చూస్తే ఆమె గోడకు తల ఆన్చి కూర్చుని ఉంది. తాడు ఇంకా ఊగుతూనే ఉంది. బిడ్డ రోగాన్ని తన మీదికి తీసుకుని పోయిందని, లేకపోతే జలుబెరుగని ఒంటికి చావేమిటని సమాధి దగ్గర అందరూ అనుకున్నారు. తోడికోడలు కాదనలేదు.

మరునాడు ఊడ్చే మనిషి లేక పాస్టరుగారే చీపురు పట్టి గంట గదిలోకి వెళ్లారు. తలుపు మూస్తే దాని వెనక మేకుకు ఒక తువ్వాలు కనిపించింది. దాని ఒక కొస పంటితో కొరికి కొరికి పీలికలై ఉంది. మిగిలిన గుడ్డంతా ఎండిన నెత్తురు.