రెండో మోకాలు

"మ్యాట్లు కూడా తీసి దులుపు. కొనేవాడు వంగి మరీ చూస్తాడు," అన్నాడు భర్త వరండాలోంచి, పేపరులోంచి తల ఎత్తకుండానే.

ఆదివారం పొద్దున. అప్పటికే ఆమె టిఫిను పెట్టి, గిన్నెలు తోమి, రెండు విడతల బట్టలు ఆరేసి వచ్చింది. ఇప్పుడు పాత కారు పక్కన బకెట్టు పెట్టుకుని గుడ్డ పిండుతోంది. పదకొండింటికి కొనేవాడు వస్తాడు. కొత్త కారు నిన్ననే వచ్చింది. గేర్లు లేని బండి. గేటు పక్కన నిగనిగలాడుతూ నిలబడి ఉంది. నిన్నటి నుంచి ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకీ అతను ఒకటే మాట చెబుతున్నాడు. "మా ఆవిడ కోసమే కొన్నాను. గేర్లూ క్లచ్చులూ పాపం తన వల్ల కాలేదు. ఇక తన ఎడమ కాలికి పనే లేదు."

వచ్చినవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వి, కాఫీలు అందించింది. ఇరవైరెండేళ్ళుగా ఇలాంటి చోట్ల నవ్వడం ఆమెకి బాగా అలవాటయింది.

పక్క సీటు కింద మ్యాటు ఎత్తేసరికి చెయ్యి ఆగిపోయింది. నేల రేకులో రెండు గుండ్రటి కన్నాలు, వాటికి బిగించిన రెండు నల్లటి రబ్బరు బిరడాలు. అవి అక్కడ ఉన్న సంగతి ఇంట్లో ఇంకెవరికీ గుర్తుండి ఉండదు.

ఒకప్పుడు ఆ కన్నాల్లోంచి రెండు పెడల్స్ పైకి వచ్చేవి. ఒకటి క్లచ్, ఒకటి బ్రేక్. నేర్చుకునేవాడి కాళ్ళ దగ్గరున్న పెడల్స్‌కి కడ్డీలతో కలిపినవి. ఇది నాన్న డ్రైవింగ్ స్కూలు బండి. ఊరంతా నాన్నని మాస్టారు అనేవాళ్ళు. నాన్నకి కళ్ళు మసకబారడం మొదలయ్యాక పక్క సీట్లో ఆమె కూచుంది. అప్పటికి పందొమ్మిదేళ్ళు. అయిదేళ్ళు నేర్పింది. జీతం లేదు, బోర్డు మీద పేరు లేదు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆమెని చూడగానే "మాస్టారు రాలేదా?" అని మొహం మాడ్చుకునేవాళ్ళు. వారం తిరిగేసరికి "ఆ అమ్మాయే అయితే బావుణ్ణు" అనేవాళ్ళు. ఆమె అరిచేది కాదు మరి. "ఇంజను చప్పుడు బరువెక్కుతుంది చూడండి, అక్కడే ఆపండి కాలు. అదే హాఫ్ క్లచ్. తొందరేం లేదు," అనేది. ఆ చోటు ఆమె చెవికి తెలియకముందే అరికాలికి తెలిసేది. అంత బాగా వచ్చిన పని ఆమెకి జీవితంలో మళ్ళీ ఇంకొకటి లేదు. ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు, అడిగినవాళ్ళూ లేరు.

ఆ నేర్చుకునేవాళ్ళలోనే వచ్చాడు ఈ భర్త. ఇన్సూరెన్సు ఆఫీసులో కొత్త ఉద్యోగం, ఇస్త్రీ చొక్కా. కాలు ఎత్తితే బండి కుదుపు, దించితే కుదుపు. నాన్న ఆయనకి 'కుదుపులాయన' అని పేరు పెట్టాడు. బండి ఆగిపోయినప్పుడల్లా స్టీరింగు మీద చెయ్యి వేసి "సారీ" అనేవాడు. బండికే సారీ చెప్పేవాడు మనిషికి చెప్పకపోతాడా అనుకుంది ఆమె. అలా అనుకునే మనసిచ్చింది. ఆ సారీ కోసం ఇప్పటికీ ఎదురు చూస్తూనే ఉంది.

పరీక్ష మైదానం చివర ఒక మిట్ట ఉండేది. దాని మధ్యలో బండి ఆపి, వెనక్కి జారకుండా, ఇంజను ఆగకుండా మళ్ళీ ఎక్కించాలి. కుదుపులాయన అక్కడ రెండుసార్లు తప్పాడు. మూడోసారి కూడా తప్పితే ఆఫీసులో మొహం చూపించలేనన్నాడు. పరీక్షకి నాన్నదొక రూలు ఉండేది. పక్క సీట్లో కూచున్నవాళ్ళు రెండు కాళ్ళూ సీటు మీదికి మడిచి, బాసింపట్టు వేసుకుని కూచోవాలి. మిట్ట మీద నిలబడ్డ అధికారికి అద్దంలోంచి రెండు మోకాళ్ళూ కనపడాలి. మాస్టారి బండిలో పాసైనవాడు తన కాలితోనే పాసైనట్టు ఊళ్ళో అందరికీ నమ్మకం.

ఆ పొద్దున చలిగా ఉంది. ఆమె ఒళ్ళో స్వెట్టరు పరుచుకుంది. కుడి కాలు మడిచింది. ఎడమ కాలు స్వెట్టరు కింద నుంచి పెడల్ మీదికి దించింది. మిట్ట మధ్యలో కుదుపులాయన ఎప్పట్లాగే క్లచ్ మొత్తం వదిలేశాడు. పెడల్ మాత్రం పైకి రాలేదు. ఆమె అరికాలి కింద సగంలో ఆగి, అక్కడి నుంచి మెల్లగా లేచింది. బండి వెన్నలా ఎక్కేసింది. అధికారి తలూపి సంతకం పెట్టేశాడు.

కంచె దగ్గర నాన్న నిలబడి ఉన్నాడు. కళ్ళు మసకే, కానీ చూడవలసింది చూశాడు. ఇంటికి వస్తూ ఒక్క మాటే అన్నాడు. "ఒక మోకాలే కనపడిందమ్మా."

తిట్టి ఉంటే బావుండేది. తిట్టలేదు. మూడు నెలల్లో పెళ్ళయింది, ఆర్నెల్లలో స్కూలు మూతపడింది. నాన్న బండి తీసుకొచ్చి కాగితాలు ఆమె పేరు మీదికి మార్పించి, "ఇది నీది," అని ఆమె మొహం చూడకుండానే వెళ్ళిపోయాడు. ఆ వారమే భర్త మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళి పక్క సీటు పెడల్స్ పీకించేశాడు. "అవి కనపడితే నేనింకా నేర్చుకుంటున్నాననుకుంటారు," అన్నాడు. నిజమే కదా అని ఆమె కూడా అనుకుంది. అత్తగారు ఆ మాటకి ఇంకొకటి కలిపింది. "మొగుడు పక్కనుండగా నువ్వు స్టీరింగు పట్టుకుంటే చూసేవాళ్ళకి ఎలా ఉంటుందే?" అంతే, పక్క సీటు ఆమెది అయింది. మొదట్లో నాలుగు రోజులే అనుకున్నది నాలుగేళ్ళయింది, తర్వాత లెక్కపెట్టడం మానేసింది.

ఏదో విందులో అతను మొదటిసారి అన్నాడు. "డ్రైవింగ్ నాకు రెండు రోజుల్లో వచ్చేసింది. మా ఆవిడకి నేర్పుదామని ఎంత ప్రయత్నించానో! క్లచ్ తన వల్ల కాలేదు." అని ఆమె వైపు చూశాడు. ఆ చూపులో భయం ఉంది. ఆ భయం చూసి జాలిపడి ఆమె నవ్వింది. ఒక్కసారి నవ్వింది కాబట్టి రెండోసారి అది నిజమైపోయింది. అతను కూడా నమ్మేశాడు. అబద్ధం అతనిదే, కానీ దాన్ని ఇన్నాళ్ళు మోసింది తనే.

మిట్టలున్న దారికి అతను ఎప్పుడూ వెళ్ళడు. "అటు ట్రాఫిక్కు," అంటాడు. అయినా క్లచ్ ప్లేటు మూడుసార్లు కాలిపోయింది. మూడోసారి మెకానిక్ మాడు వాసన చూసి "ఎవరు సార్ ఇలా నడిపేది?" అని అడిగితే, "ఇంట్లో ఆడవాళ్ళు కూడా తీస్తారుగా," అని చేతులు దులుపుకున్నాడు. ఆమె అక్కడే, పాత టైర్ల పక్కన, టిఫిను డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. మెకానిక్ ఆమె వైపు తిరిగి, "క్లచ్ మీద కాలు ఆన్చి ఉంచకూడదు మేడమ్," అని ఓపిగ్గా నేర్పాడు. ఆమె తలూపింది.

"అమ్మా, పెన్నుందా?" కూతురు కాగితం పట్టుకుని వచ్చింది. ఇరవయ్యేళ్ళ పిల్ల. రేపే దాని లైసెన్సు పరీక్ష. "నాన్న ఫారం నింపేశారు, నేను సంతకం పెట్టాలంతే."

ఆమె తడి చేతులు తుడుచుకుని చూసింది. 'గేర్లు లేని వాహనాలు మాత్రమే' అన్న గడిలో భర్త గీసిన టిక్కు.

"ఇదేంటే?"

"మా డ్రైవింగ్ స్కూల్లో గేర్ల బండే లేదమ్మా. నేర్పేవాళ్ళూ లేరట. నాన్న కూడా 'ఎందుకు? మీ అమ్మ ఎంత అవస్థపడిందో నాకు తెలుసు, నీకూ అదే కాలు వచ్చి ఉంటుంది' అన్నారు." అని నవ్వింది కూతురు.

ఇన్నేళ్ళలో ఎన్నో మాటలు చెవిన పడ్డాయి. ఈ మాటకి మాత్రం ఆమె గుడ్డని బకెట్టులోకి విసిరేసింది. నీకూ అదే కాలు. మాస్టారు ఇచ్చిన కాలు అది.

"తాళాలు తే," అంది. "నువ్వు కూడా రా."

స్టీరింగు ముందు కూచుని తాళం తిప్పింది. మొదటి గేరు వేసి కాలు వదిలింది. బండి ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ ఆగిపోయింది. వరండాలో పేపరు కిందికి దిగింది.

"చూశావా!" అన్నాడు భర్త హాయిగా. "నేను చెప్పలా?"

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతని మాటకి కాదు. అతను చెప్పిన అబద్ధం ఇప్పుడు నిజమైనందుకు. అరికాలికి ఆ చోటు దొరకడం లేదు. వాడకుండా వదిలేసింది తనే, ఎవరి మీద ఏడుస్తుంది? చెప్పు విప్పి పక్కన పడేసింది. ఒట్టి పాదం పెడల్ మీద పెట్టింది. కళ్ళు మూసుకుని వింది. ఇంజను చప్పుడు ఎక్కడో కొంచెం బరువెక్కింది. అక్కడ ఆపింది.

బండి గేటు దాటాక గానీ భర్త లేచి నిలబడలేదు.

పరీక్ష మైదానం ఆదివారం ఖాళీగా ఉంది. మిట్ట కాస్త అరిగింది గానీ ఉంది. దాని మధ్యలో బండి ఆపి, కూతుర్ని స్టీరింగు ముందు కూచోబెట్టి, తను పక్క సీట్లోకి మారింది. ఎలాగో చెప్పింది. కూతురు మూడుసార్లు ప్రయత్నించింది, మూడుసార్లూ ఆగిపోయింది. ఆగిన ప్రతిసారీ ఆమె ఎడమ కాలు రబ్బరు బిరడాని గట్టిగా నొక్కింది.

"నా వల్ల కాదమ్మా. నాన్న ఇక్కడే నున్నగా ఎక్కించానంటుంటారు, ఎలాగో!"

ఫోను మోగింది. "కొనేవాడు వచ్చి కూచున్నాడు. సంతకం పెట్టాల్సింది నువ్వు. ఎక్కడున్నావ్?"

"మిట్ట మీద ఉన్నామండీ. అతన్ని వెళ్ళిపొమ్మనండి, నేను బండి అమ్మను."

"మిట్ట మీదా? అక్కడేం పని?"

"పిల్లకి నేర్పుతున్నాను."

"సరే, నేను చెబుతాలే," అన్నాడు గొంతు తగ్గించి. ఇరవైరెండేళ్ళ కింద ఒక పొద్దున జరిగింది అతనికి కూడా గుర్తొచ్చిందని ఆమెకి అర్థమయింది. ఫోను పెట్టేసి కూతురి వైపు తిరిగింది.

"నాన్న ఇక్కడ ఎక్కించలేదే. నేను ఎక్కించాను. అప్పుడు నా కాలి కింద కూడా క్లచ్ ఉండేది. ఆ రోజు నేను కాలు పైకి తీసుకుని ఉంటే మీ నాన్న నాలుగోసారికి నేర్చుకునేవాడు. మీ తాతయ్య నా మొహం చూసి మాట్లాడేవాడు."

కూతురు నోరు తెరుచుకుని చూస్తోంది. ఆమె బిరడా మీంచి ఎడమ కాలు తీసి సీటు మీదికి మడిచింది. కుడి కాలూ మడిచింది. కీళ్ళు కలుక్కుమన్నాయి. అద్దంలోంచి చూసేవాళ్ళెవరైనా ఉంటే రెండు మోకాళ్ళూ కనపడేవి. కంచె దగ్గర ఎవరూ లేరు.

"పెడల్స్ లేవుగా అమ్మా, కాళ్ళు ఎక్కడుంటే ఏం?"

"పెడల్స్ పీకేసి ఇరవైరెండేళ్ళయింది. నేను నొక్కడం మానింది ఇప్పుడే," అంది ఆమె. "ఊఁ, తిప్పు తాళం."