వేడెక్కితే ఆరే దీపాలు

అదీ నా కాళ్ల తప్పేనట, ముందు సీట్లో నేను కాళ్లు చాపుకుంటే కింద ఎక్కడో వైరు లాగి హెడ్‌లైట్లు ఆరిపోతున్నాయట, పోయిన వారం నా హ్యాండ్‌బ్యాగు బరువు, అంతకుముందు నేను తలుపు గట్టిగా వేయడం, మా ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, నాలుగోది విరగ్గొట్టింది నేను, సరే అని కాళ్లు ముడుచుకుని కట్టిన పార్సిల్‌లా కూర్చున్నాను, అయినా పెట్రోలు బంకు దాటగానే టప్పున ఆరాయి, ముందున్న రోడ్డు ఎవరో తుడిచేసినట్టు మాయమైంది, ఏమండీ ఏమండీ అన్నాను, అరవకు, కనపడుతోందిలే అన్నారు, ఏం కనపడుతోందో ఆ పైవాడికే తెలియాలి, ఎదురుగా లారీ హారన్, అంతలో వెలిగాయి, చూశావా, కదలకుండా కూర్చుంటే ఎలా వచ్చాయో అన్నారు, నేను ఊపిరి కూడా బిగబట్టానని ఆయనకేం తెలుసు.

వెళ్లేటప్పుడు మేమిద్దరమే, పోతే పోతాం, వచ్చేటప్పుడు వెనక సీట్లో మా మనవరాలు బుడంకాయ ఉంటుంది, మా అమ్మాయి ఆఫీసు వేళలు మారాయి, ఇవాళ్టి నుంచి దాని కూతుర్ని ఈత క్లాసు నుంచి తెచ్చే పని మాది, నాన్నా లైట్లు బాగయ్యాయా అని అది ఫోన్లో అడిగితే ఎప్పుడో చేసేశానమ్మా అన్నారు ధీమాగా, చేశారు నిజమే, ఫ్యూజు మార్చారు, స్విచ్చి మార్చారు, నా పాత టూత్‌బ్రష్‌తో బ్యాటరీ తోమారు, అది పాతది కాదని మర్నాడు పొద్దున తెలిసింది, మెకానిక్‌కి చూపిద్దామండీ అంటే మన కారు గుణం వాడికేం తెలుసు అన్నారు, తిరుగుదారిలో కాలువ గట్టు, గోడ లేదు, దీపం లేదు, అక్కడ గనక ఆరితే, వద్దు, అనుకోకూడదు, అనుకోకూడదు అనుకుంటే అదే అనుకుంటుంది ఈ పాడు మనసు.

ఈతకొలను బయట ఆపి, ఇంజను ఆపకుండా, ఇప్పుడు గోడ మీదే చూడు, ఎంత బాగా వెలుగుతున్నాయో అన్నారు, ఇద్దరం సినిమాకొచ్చినట్టు ఆ గోడని చూస్తూ కూర్చున్నాం, నేను కదల్లేదు, బ్యాగు కదల్లేదు, తలుపు మూసే ఉంది, ఆరాయి, కాసేపటికి వెలిగాయి, మళ్లీ ఆరాయి, ఆయన మెల్లగా గొంతు సవరించుకున్నారు, నాకు మాత్రం ఇది ఎక్కడో చూసినట్టే ఉంది, రోజూ చూస్తున్నట్టే ఉంది, ఇస్త్రీ పెట్టె, అవును, వేడెక్కగానే దాని ఎర్ర దీపం ఆరుతుంది, చల్లారాక వెలుగుతుంది, వంగి స్టీరింగు కింద చెయ్యి పెట్టాను, వైర్లు చురుక్కుమన్నాయి, అలా వంగే అడిగాను, ఏమండీ, బల్బులు గానీ మార్చారా, పాతవి మసగ్గా ఉన్నాయి, కొంచెం పెద్దవి వేశాను అన్నారు చివరికి, కొంచెమంటే ఎంత, కొంచెమే, అంటే వైర్లు మోయలేక వేడెక్కి ఆరిపోయేంత, పాతవేవి, డిక్కీలో ఉన్నాయి, పారేస్తానా.

మసక ఎక్కడిది, పోయిన నెల అవే దీపాలతో నేను నడుపుకుని వస్తే రోడ్డు మీద గులకరాళ్లు కూడా కనపడ్డాయి, ఆయనకే ఎందుకు మసక, నిన్న సాయంత్రం గేటు దగ్గర ఆరబెట్టిన నా నల్ల గొడుగుని పిల్లి అనుకుని హుష్ అన్నారు, నేను పగలబడి నవ్వాను, ఆయన నవ్వలేదు, నీళ్లు గ్లాసు పక్కన పోశారు, పేపరు పట్టుకుని కిటికీ కిటికీకీ తిరుగుతున్నారు, నేనేమో ఈ మనిషికి కుదురు లేదనుకున్నాను, ఇంతలో, నేనింకా స్టీరింగు కిందినుంచి తల ఎత్తకముందే, వెనక తలుపు దభాలున తెరుచుకుంది, తడిజుట్టుతో బుడంకాయ, తాతయ్యా, ఎదురుగా మెట్ల మీద నిలబడి ఎంతసేపట్నుంచి చెయ్యి ఊపుతున్నానో, నన్నే చూస్తూ కూడా రావేంటి, అలిగావా, అంది.

ఆయన గోడవైపే చూస్తున్నారు, చేతులు స్టీరింగు మీద, కారు ఆగి ఇంతసేపైనా పట్టు వదల్లేదు, దారి పొడవునా నాకంటే ఎక్కువ భయపడింది ఈయనేనని అప్పుడు తెలిసింది, ఒక్కరే భయపడుతూ, పెద్ద బల్బులు కొనుక్కుని, అడిగితే నా కాళ్లమీదికి తోసేసి, అనడానికి బోలెడన్ని సిద్ధంగా ఉన్నా, నేను వెనక్కి తిరిగి బుడంకాయ తడిజుట్టు కొంగుతో తుడిచాను, ఆయన ఇంజను ఆపి తాళాలు తీసి నా ఒళ్లో పెట్టారు, పాత బల్బులు నేను బిగిస్తాను, ఫోను వెలుగు నువ్వు పట్టుకో, ఇంటిదాకా నువ్వే నడుపు అన్నారు, తర్వాత బుడంకాయకి కూడా వినపడేలా అన్నారు, తప్పు నాదే, కారుదీ కాదు, మీ అమ్మమ్మ కాళ్లదీ కాదు, చీకటి పడితే నాకు కనపడట్లేదు.